మోటారు తప్పేం లేదు

శ్రీవారికి,

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. ఓడల రిపేరు యార్డులో ఎండకు ఎండుతున్నా మీరూ క్షేమమేనని నమ్ముతున్నాను. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగారు. నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. అమ్మాయికి మీరు పంపిన బూట్లు సరిపోయాయి. అవి వేసుకునే పడుకుంటానని ఒకటే పేచీ.

ఇక పడవ సంగతి. మోటారు ముసలిదైపోయింది, లాగడం లేదని పోయిన ఉత్తరంలో రాశాను కదా. "అయితే పడవతో సహా అమ్మేద్దాం. ఇక్కడొకాయన కొంటానంటున్నాడు, ఆదివారం మాటిచ్చేస్తాను" అని మీరు జవాబు రాశారు. అది చదవగానే పానాలు పట్టుకుని రేవుకు పరిగెత్తాను. ఏడు నెలలుగా రోజూ పొద్దున్నే టీచరమ్మల్నీ పిల్లల్నీ అవతలి గట్టున దించుతున్నాను. ఆ పనంటే నాకు ప్రాణం. ఈ మాట మీకెప్పుడూ చెప్పలేదు.

అసలు జబ్బేమిటంటే, స్టార్టు చేయగానే బాగానే ఉరికేది. సగం దూరం వెళ్ళేసరికి దానంతట అదే మందగించి, అలారం పీ పీమని మోగేది. గట్టున ఆపి చల్లారనిస్తే మళ్ళీ మామూలే. ప్లగ్గులు మార్చాను. పెట్రోలు ఫిల్టరు కడిగాను. నీళ్ళలో తిరిగే ఫ్యాను రెక్కలు తడిమి చూశాను, ఒక్క గీత లేదు. గట్టు మీద కూర్చున్న అత్తయ్య ఉండబట్టలేక, "ఏమే, మావాడు నడిపేటప్పుడు మోటారు పక్కనుంచి నీళ్ళు బుస్సుమని చిమ్మేవి. ఇప్పుడేంటే, చెడిపోయిన కుళాయిలా కారుతోంది?" అంది. అప్పుడు తట్టింది నాకు. కింది భాగం విప్పాను. మోటారును చల్లబరచడానికి నీళ్ళు తోడే పంపులో రబ్బరు చక్రం మాడిపోయి, మూడు రెక్కలు విరిగి ఉన్నాయి. చుట్టూ ఇసుకే. విరిగిన ముక్కలు మూడూ దొరికేదాకా గొట్టాలన్నీ గాలించి, కొత్త చక్రం వేశాను.

ఇప్పుడు దాచిన మాట చెబుతాను, తిట్టుకోకండి. మోటారు ముసలిది కాదు. చెడగొట్టింది నేనే. ఆ మధ్య ఒకరోజు, మన రేవులోనే ఇంకో పడవ నడిపే మీసాలాయన పక్కకొచ్చి, "అక్కా, నువ్వు చుట్టూ తిరిగి రా. మేం ఇసుక మేట మీదుగా పోయి టీ తాగుతుంటాం" అని అరిచాడు. నాకు ఒళ్ళు మండింది. నేనూ మేట మీదికే తిప్పాను. "లోతు లేనిచోట మోటారు పైకెత్తు, ఆపేసి వెదురు గెడ వేసి తొయ్యి" అన్నారు కదా మీరు? ఎత్తడం వరకే విన్నాను. అదీ మరీ ఎక్కువ ఎత్తేశాను. ఫ్యాను కింద తగల్లేదని మురిసిపోయానే గానీ, నీళ్ళు పీల్చే కన్నాలు సగం గాలిలో, సగం ఇసుకలో ఉన్నాయని చూసుకోలేదు. మీసాలాయన ఓడిపోయాడు, అది మాత్రం నిజం. తప్పు ఒప్పుకుంటే పడవ ఇంక నా చేతికివ్వరేమోనని భయపడి, నోరులేని మోటారు మీదికి నెట్టేశాను. నన్ను క్షమించండి.

నిన్నా ఇవాళా నాలుగేసి ట్రిప్పులు తిప్పాను. నీళ్ళు బుస్సుమంటున్నాయి. మేట దగ్గర బుద్ధిగా గెడ వేస్తున్నాను. మీసాలాయన మోటారుకూ అదే జబ్బట. "అక్కా, నాదీ కాస్త విప్పి చూడవా" అని చుట్టూ తిరుగుతున్నాడు.

ఆ కొనేవాడికి వద్దని చెప్పేయండి. ఈ ఊరి పోస్టు సంచి దాటేది నా పడవలోనే కదా. ఆదివారంలోపు ఈ ఉత్తరం మీ చేతికి అందిందంటే, మోటారు బాగున్నట్టే.

ఇట్లు,
మీ పడవ సరంగు,
మీ ఇంటావిడ