గోడకానుకున్న వారా

ఎల్ ఆల్తో, మంగళవారం

ఎర్మెలిందా అత్తయ్యా,

నిన్న నువ్వు నడిపే పిల్లల సంరక్షణ కేంద్రంలో జరిగింది నేనింకా మర్చిపోలేదు. తనిఖీకి పైఆఫీసు మేడం, ఆ సెన్యోరా, వస్తోందని, ఎప్పుడూ ప్లాస్టిక్ సంచుల్లో కట్టి గోడకు వేలాడదీసే ఆటబొమ్మలను విప్పించి, పిల్లల చేతికిచ్చి ఫోటో తీయించావు. తర్వాత అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగారు. మూడేళ్ల పాప వారా మాత్రం గోడకానుకుని చూస్తూ నిలబడింది. "దీనికి ఆడటమే రాదు, మొద్దు" అందావిడ. నువ్వు వెంటనే హాజరు పుస్తకంలో దాని పేరు కొట్టేశావు! సంతలో దుంపలమ్ముకునే వాళ్లమ్మ దాన్నెక్కడ వదలాలి?

పసిపిల్లలు మొదట ఒంటరిగా ఆడతారని, తర్వాత పక్కవాళ్ల ఆట చూస్తారని, ఆ తర్వాతే కలుస్తారని మన కేంద్రానికి వచ్చిన కరపత్రంలో చదివాను. చూడటమూ ఆటే. ఆ మాటంటే, "కాగితాలు నమిలే మేకా, పోయి పిల్లల ముక్కులు తుడువు" అన్నావు.

సెన్యోరా కారు కదలగానే బొమ్మలన్నీ లాక్కుని మళ్లీ సంచుల్లో కట్టేశావు. ఛీ!

నువ్వు వెళ్లాక వారా ఒక బంగాళాదుంపకి గుడ్డ చుట్టి బొమ్మలా చేసి ఇద్దరు పిల్లల చేతిలో పెట్టింది. "నవ్వండ్రా, సెన్యోరా వచ్చింది!" అంది. వాళ్లు నవ్వారు. వెంటనే లాక్కుని, "చాలు, మురికి చేతులు!" అంటూ సంచిలో వేసి ముడేసింది. అచ్చం నీ గొంతే, అత్తయ్యా. ముగ్గురూ పడీపడీ నవ్వి, మళ్లీ మొదలుపెట్టారు.

రేపు పొద్దున్నే దాని పేరు తిరిగి రాయి. లేదంటే ఆ ఆట చూడటానికి సెన్యోరాను నేనే పిలుచుకొస్తాను.

నీ మేనకోడలు