చచ్చిన నీళ్ళు

ఆదివారం, మధ్యాహ్నం

అమ్మమ్మకు నీ మనవరాలి నమస్కారాలు.

ఇక్కడ మేం క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమే. ఈసారి నా గొడవంతా ఆ క్షేమం గురించే. రోజూ కనిపించే పిల్ల ఉత్తరం రాయడమేమిటని ముక్కున వేలేసుకోకు. నోటితో చెబితే సగంలోనే తుంచేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

మీ వీధి మంచినీళ్ళ గొట్టంలోకి మురుగు చేరింది, నీళ్ళు కాచి తాగండని నగర ఆరోగ్యాధికారిగా అమ్మ మైకులో చెప్పించింది. గడప గడపా తిరిగింది. నేను ముచ్చటపడి రెండు పేజీల ప్రకటన రాసిస్తే, అంతా కొట్టేసి 'కాచి తాగండి' అన్న రెండు మాటలే ఉంచింది. ఆ రెండు మాటలూ నీ ఒక్క గ్లాసు ముందు నిలవలేదు! నువ్వేమో గుమ్మంలో కుర్చీ వేసుకుని, కుండలో నీళ్ళు ముంచి తెచ్చుకుని గటగటా తాగి, కాచిన నీళ్ళంటే చచ్చిన నీళ్ళే, నేను పంపు నీళ్ళే తాగుతున్నా, గుండ్రాయిలా లేనూ అన్నావట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. అమ్మ పాపం రచ్చ సగం గెలిచి ఇంట్లో ఓడిపోయింది.

ఇరవై ఏళ్ళ ఉద్యోగం అమ్మది. పెద్ద మామయ్య ఇప్పటికీ 'సూది వెయ్యని డాక్టరు' అని ఎగతాళి చేస్తాడు. రోగం వస్తే ఊరంతా అమ్మను తిడుతుంది. రాకపోతే అమ్మనేది ఒకతి ఉందనే ఎవరికీ గుర్తుండదు. నిన్న భోజనాల దగ్గర ఈ మాటే గొప్పగా చెబితే, బాగుంది, పొయ్యి మీద నీళ్ళు మరిగాయేమో చూసిరా అంది.

మీ ఎదురింటి దర్జీగారి పాప మొన్నటి నుంచి ఆసుపత్రిలో ఉంది. వాంతులు, విరేచనాలు. సెలైను ఎక్కించాక గండం గడిచిందన్నారు. నీళ్ళెందుకు కాచలేదమ్మా అని అమ్మ అడిగితే ఆ తల్లి ఏమందో తెలుసా? మీ అమ్మగారే పచ్చి నీళ్ళు తాగుతున్నారు కదండీ డాక్టరుగారూ, అంది. అమ్మ పాప దుప్పటి సర్ది, నా చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేసింది.

నీకు దండం పెడతాను అమ్మమ్మా. రేపు పొద్దున్న అదే గుమ్మంలో, వీధంతా చూస్తుండగా, ఒక్క గ్లాసు కాచిన నీళ్ళు తాగు. మొహం చిట్లించుకో, మమ్మల్ని తిట్టుకో, నీ ఇష్టం. తాగడం మాత్రం అందరికీ కనిపించాలి.

బోలెడు ప్రేమతో, అంతకు మించిన విసుగుతో,
నీ మనవరాలు

తా.క. మొదటి రోజే అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది, ముసలావిడను గెలిచాననుకోనీ అని. ఆ పాపను చూశాక ఇక దాచలేను. గొట్టం పాడైన దగ్గర్నుంచి ఆఫీసుకు వెళ్తూ వెళ్తూ అమ్మ రోజూ నీతో ముందుగదిలో పోట్లాడుతోంది కదా. నువ్వక్కడ గొంతు చించుకుంటుంటే, వెనక వంటింట్లో నీ కుండలో నీళ్ళు పారబోసి, మా ఇంటి నుంచి కాచి తెచ్చినవి పోస్తున్నది నేనే. మొన్న గ్లాసు దించి, అబ్బ, పంపు నీళ్ళు ఎంత తియ్యగా ఉన్నాయే అన్నావే, అవి చచ్చిన నీళ్ళే. నువ్వు గుండ్రాయిలా ఉన్నది వాటి చలవే. ఈ సంగతి ఎదురింటికి నువ్వే వెళ్ళి చెబుతావా, మైకు పంపమంటావా?