చేపపిల్లలకు పచ్చసొన

తార్నాక

బంగారు తల్లి పూర్ణిమకు నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమని రాసి, ఆ మాట కొట్టేశాను. నీ చేపపిల్లల సంగతి చెప్పకుండా క్షేమమని ఎట్లా రాయను? కంగారు పడకు బిడ్డా, చివరిదాకా చదువు.

తల్లిచేప పిల్లలను వదిలిందా అని అడిగావు. వదిలింది. నువ్వు గురుకులానికి వెళ్ళినప్పటి నుంచీ పిల్లలను నోట్లో పెట్టుకుని, మేత ముట్టకుండా ఉన్న ఆ పసుపు సిక్లిడ్ చేప సోమవారం పొద్దున నోరు తెరిచింది. జీలకర్రంత పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చాయి. మీ అమ్మ చప్పట్లు కొట్టింది.

చిటికెడు మేత పొడి చేసి వేయమన్నావు. యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో గరిటె తిప్పే చెయ్యి నాది, చిటికెడు ఆనుతుందా? ఇన్నాళ్ళు పస్తున్న బాలింత, కొత్తగా లోకం చూసిన పిల్లలు, కడుపునిండా పెట్టాలనుకున్నాను. గుడ్డు ఉడకబెట్టి పచ్చసొన మొత్తం చిదిమి తొట్టిలో వేశాను. మీ అమ్మ వద్దంటూనే ఉంది. "వంట సంగతి నాకు చెప్తవా?" అని కసిరి డ్యూటీకి వెళ్ళాను.

మధ్యాహ్నం వచ్చేసరికి నీళ్ళు కుడితిలా తెల్లబడ్డాయి. పిల్లలు పైకి తేలి గుటకలు వేస్తున్నాయి. నేను తొట్టి మీదికి వంగానో లేదో, తల్లి గబగబా వాటిని మింగడం మొదలుపెట్టింది!

"అయ్యో, తింటున్నదయ్యా! తియ్యి దాన్ని!" మీ అమ్మ కేక పెట్టింది. చెంబుతో ముంచి తల్లిని బకెట్లో పడేశాను. "థూ, నువ్వొక తల్లివేనా!" అని తిట్టాను కూడా.

కింది వాటాలో ఉండే ఇమ్మానుయేల్, క్యాంపస్‌లో జువాలజీ చదివే పిల్లవాడు, కేకలు విని పరుగెత్తుకొచ్చాడు. బకెట్లోకి తొంగి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"తినలేదన్నా! దవడ సూడు, ఎట్ల ఉబ్బిందో. భయపడి పిల్లల్ని నోట్ల దాస్కున్నది. నీ గుడ్డుకే నీళ్ళు ఖరాబైనయ్. ఇంక బెదిరిస్తే నిజంగనే మింగేస్తది. చప్పుడు చేయకున్రి."

మీ అమ్మ ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళతో తొట్టిలో సగం మార్చి, తల్లిని మెల్లగా వదిలాం. అది నోరు తెరవలేదు. ఉద్యోగం పోతే పోనీ అని నేను సాయంత్రం మళ్ళీ మెస్సుకు వెళ్ళలేదు. నువ్వు అడిగితే ఏం చెప్పాలా అనుకుంటూ తొట్టికి దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకు ఒక పిల్ల బయటికొచ్చింది. ఇంకొకటి వచ్చింది. తర్వాత గుంపుగా వచ్చాయి. రెండు మాత్రం చనిపోయాయి బిడ్డా, నీకు అబద్ధం చెప్పను. ఇప్పుడు మీ అమ్మే వేళ్ళతో నలిపి పొడి వేస్తోంది. నన్ను తొట్టి దగ్గరికి రానివ్వడం లేదు.

అబద్ధమంటే ఒకటి ఉంది. పోయినసారి, తల్లిదండ్రులు పిల్లల్ని చూడడానికి వచ్చే ఆదివారం, నాకు సెలవు దొరకలేదని రాశాను కదా. దొరికింది. మీ స్కూలు గేటు దాకా వచ్చాను. నువ్వు ఖోఖో ఆడుతున్నావు. నన్ను చూసి ఏడిస్తే వెంటపెట్టుకుని వచ్చేస్తానని భయం. ఏడవకపోతే ఏమైపోతానోనని ఇంకా భయం. వెనక్కి తిరిగి బస్సెక్కాను.

నీ ఉత్తరం చివర "నన్ను తీసుకుపో నాన్నా" అని రాసి కొట్టేశావు. కొట్టేసినా కనబడింది. ఈసారి లోపలికే వస్తాను. అప్పటికీ రావాలనిపిస్తే సంచి సర్దుకో, ఎందుకని అడగను. ఉండాలనిపిస్తే ఉండు.

నీ చేపపిల్లలు తొట్టి అంతా తిరుగుతున్నాయి. నా నీడ పడితే చాలు, తల్లి నోరు తెరుస్తుంది, అన్నీ అందులోకి దూరతాయి. పెరిగాయి గానీ, ఇంకా ఆ నోట్లో ఇముడుతున్నాయి.

ఇట్లు,
మీ నాన్న
బిక్షం