చెయిన్ కింద చెప్పు ముక్క

శనివారం, రాత్రి.

సబ్బుతో ఎంత కడిగినా చేతుల నుంచి ఆ మురికి ఆయిల్ వాసన పోలేదు. అన్నం తినబుద్ధి కాలేదు.

రేపు ఆరాధన కాగానే పాస్టరయ్య మా బావ మెకానిక్ షెడ్డుకు వచ్చి, మా దగ్గర కొన్న పాత స్కూటర్ తీసుకుపోతారు. భార్యను వెనక కూర్చోబెట్టుకొని పల్లెలు తిరగాలని ఆయన ఆశ. నిన్నటిదాకా యాక్సిలరేటర్ వదిలితే చాలు, ఇంజన్‌లో చెయిన్ గలగలమనేది. ఈరోజు చప్పుడే లేదు. అనుమానం వచ్చి పక్కమూత విప్పాను. చెయిన్ వదులు అలాగే ఉంది. దాన్ని నొక్కిపట్టే పట్టీ అరిగిపోతే, మా బావ దాని చోట హవాయి చెప్పు ముక్క కోసి దూర్చాడు. ఆయిల్‌లో నాని అప్పుడే పెచ్చులు లేస్తోంది. ఒక్క పెచ్చు పళ్ళచక్రంలో ఇరుక్కున్నా, వెనక చక్రం నడిరోడ్డు మీద పట్టేస్తుంది.

"ఇదేం పని బావా?" అన్నాను.

"ఆయప్ప చెవుల్తో ఇంటాడు గానీ లోపల తొంగి చూస్తాడా? ఆయనకు దేవుడుండాడులే. నువ్వు మూత బిగించప్పా," అని నవ్వాడు.

ఆ స్కూటర్ మీద మా అక్కను ఎక్కించుకుంటావా అని అడగబోయి ఆగిపోయాను. ఎక్కించుకుంటానంటాడేమో.

మూత బిగించలేదు. చెప్పు ముక్కను కాగితంలో చుట్టి తెచ్చుకున్నాను. పాస్టరయ్యకు చూపించడానికి దాన్ని పట్టుకొని రేపు ఆరాధనకు నేనూ పోతాను. అక్క కూడా అక్కడే ఉంటుంది...