జిగురు ఆరేలోపు

నీ దగ్గును నాకు తెలియకుండా దాచావు, సదన్నా. కట్టెపొడి గొంతులో పడిందని నవ్వేశావు. దవాఖానకు పోయేసరికి ఊపిరితిత్తులు మొత్తం పాడయ్యాయన్నారు. నువ్వు పోయి నేటికి ఏడాది.

ఇవాళ మడికొండ కట్టెబొమ్మల షెడ్డులో చిలుక బొమ్మకు కాగితం మీద నమూనా గీశాను. ఒకవైపు ఎదురుగా కనపడే చిలుక, ఇంకోవైపు పక్కనుంచి కనపడే చిలుక, నడుమ మడత గీత. ఆ కాగితాన్ని కట్టె అంచు మీద మడిచి, అంచుకు రెండువైపులా జిగురుతో అంటించాను. "గీత అంచు మీదనే కూసోవాలె చెల్లె, జర తప్పితే రంపం చిలుక మెడనే కోస్తది" అనేవాడివి. తప్పలేదు.

అంతకుముందు కట్టెను నున్నగా రుద్దుతుంటే మళ్లీ దగ్గు వచ్చింది. వారం నుంచీ వస్తోంది. దుమ్మును బయటికి లాగే ఫ్యాన్ పెట్టమని సేటును అడిగాను.

"మీ సదన్న గిన్నేండ్లు చేసిండు, ఎన్నడన్న అడిగిండా? నీకే వచ్చిందా ఫికర్?" అన్నాడు.

నువ్వు నోరు మూసుకున్నావు గనకే ఇవాళ నా నోరు మూయిస్తున్నాడు.

నీ దగ్గు మొదట్లో ఎట్లా ఉండేది? నాకు వచ్చినట్టే పొడిగా వచ్చేదా? జిగురు ఆరగానే నేను రంపం ఆన్ చెయ్యాలి. ఆలోపు జవాబు చెప్పు.