హద్దు దాటిన రక్తం

లాకులపేట,
తణుకు దగ్గర

ప్రభువునందు ప్రియమైన రత్నమాణిక్యం అక్కకు, తమ్ముడు ఆశీర్వాదం వందనాలతో రాయునది.

అక్కా, ఇది నిలబడి చదవకు. మోకాలి ఆపరేషన్ అయినదానివి, కూర్చుని చదువు.

సెల్‌ఫోను మనిషిని పాడుచేస్తుందని సభలో చెప్పి, అందరి ముందూ మా ఇంట్లో ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను గనక ఉత్తరం రాయక తప్పలేదు. ఆ మధ్య ప్రసంగంలో ఉండగా కళ్ళు తిరిగాయి. నరకం గురించి చెబుతున్నాను గనక జనం అది కూడా ప్రసంగంలో భాగమే అనుకున్నారు. నీ మరదలు మాత్రం వదల్లేదు. తణుకులో డాక్టరుకి చూపిస్తే, రొటీన్‌గా ఓసారి రక్తం పరీక్ష చేయించండి అన్నాడు. చేయించాను. రిపోర్టు వచ్చింది.

నేను కాలేజీ మొహం చూడలేదు. కానీ వాక్యం చదివి చదివి అరిగిన కళ్ళు ఇవి. కాగితం ఏం చెబుతోందో నాకు తెలియకపోదు. ఎడమవైపు పేరు, మధ్యలో అంకె, పక్కన హద్దు. హద్దు దాటిన ప్రతిచోటా అంకెని నల్లగా లావుగా కొట్టి H అని వేశారు. యూరియా H. క్రియాటినిన్ H. బిలిరుబిన్ H. యూరిక్ యాసిడ్ H. ఆఖరికి హిమోగ్లోబిన్ కూడా H. విందులో కూర్చున్న రాజుకి గోడమీద రాత కనబడింది చూడు, అతన్ని తూచి తక్కువగా ఉన్నావన్నారు. నన్ను తూచి ఎక్కువగా ఉన్నావన్నారు. తేడా అంతే.

మూత్రపిండాలు, కాలేయం రెండూ పోయాయని అర్థమైపోయింది. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. తెలిసినదాన్ని ఇంకొకడి నోట వినడం దేనికి? ఆదివారం సంఘానికి చెప్పేశాను, నా పరుగు అయిపోవచ్చిందని. ఆడవాళ్ళు ఏడ్చారు. డోలక్ వాయించే చిట్టియ్య డోలక్ మీదే తలపెట్టి ఏడ్చాడు. నా తరవాత వాక్యం చెప్పడానికి అతన్నే నిలబెడదామనుకుంటున్నాను.

నువ్వు పెద్దాసుపత్రిలో నర్సుగా చేసినదానివి. రిపోర్టు జిరాక్స్ జతచేశాను. ఎన్నాళ్ళుంటానో దాచకుండా రాయి.

త్వరలో మహిమలో ప్రవేశించబోయే
నీ తమ్ముడు
ఆశీర్వాదం

తా.క.: వడ్రంగి పెద్దిరాజు టేపు పట్టుకుని ఇంటికొచ్చాడు. నేను పిలవలేదు, ప్రసంగం విని అతనే వచ్చాడు. భుజాల దగ్గర కొంచెం వదులుగా ఉంచమన్నాను.

*

దానవాయిపేట,
రాజమహేంద్రవరం

ఒరేయ్ ఆశీర్వాదం,

నీ ఉత్తరం కూర్చునే చదివాను. చచ్చేవాడు అక్షరాలు ఇంత గుండ్రంగా రాయడు.

ఆ హద్దు దేవుడు గీసింది కాదు. ఆరోగ్యంగా ఉన్న చాలామంది రక్తం చూసి, నూటికి తొంభైఐదు మంది ఎక్కడ పడ్డారో అక్కడ గీసిన గీత. మిగతా అయిదుగురూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే, గీతకి బయట ఉన్నారు, అంతే. H అంటే ఎక్కువ. జబ్బని కాదు. ఎంత దాటింది, ఏవేవి కలిసి దాటాయి, ముందురోజు ఆ మనిషి ఏం చేశాడు, ఇవన్నీ చూస్తే గానీ ఏదీ తేలదు. నీవన్నీ గుమ్మం దాటి అరుగుమీద నిలబడ్డాయి. ఊరు దాటి పోలేదు.

నాకు ఒకటి మాత్రం వింతగా ఉంది. హిమోగ్లోబిన్‌తో సహా అన్నీ ఒక్కసారే ఎలా పెరిగాయి? వేసవిలో లాకులు కట్టేశాక మన కాలవ చూస్తావుగా. బురద పెరగదు, నీళ్ళు తగ్గుతాయి. నీ ఒంట్లో నీళ్ళు అలా తగ్గే పని ఏం చేశావు? రక్తం ఇచ్చేముందు ఏం తిన్నావో ఏం తాగావో రాయి. ఒక వారం సరిగ్గా తిని, నీళ్ళు బాగా తాగి, మళ్ళీ పరీక్ష చేయించు. ఆ కాగితం నువ్వు చదవకు, డాక్టరు చేత చదివించు.

నీ అక్క
రత్నమాణిక్యం

తా.క.: పెద్దిరాజుని ఆ కొలతలు దాచమను. మా వీధి తలుపు మార్చాలి, నీ ఎత్తు సరిపోతుంది.

*

లాకులపేట

ఆశ్చర్యకార్యములు చేయువాని నామమున అక్కకు వందనాలు.

నువ్వడిగావు గనక చెబుతున్నాను. రాత్రి నుంచి ఏమీ తినకుండా పొద్దున్నే రమ్మన్నారు. నాకు మొదటినుంచీ ఒక కట్టుబాటు ఉంది. ఏ పెద్ద పనికి ముందైనా మూడు రోజులు అన్నం, నీళ్ళు రెండూ ముట్టను, ప్రార్థనలో ఉంటాను. ఒక్క రాత్రి కడుపు మాడ్చుకోవడం మామూలు మనుషులకి సరిపోతుందేమో, వాక్యం చెప్పేవాడికి ఎలా సరిపోతుంది? మూడు రోజులూ ఉండే వెళ్ళాను. రక్తం తీసే అమ్మాయి ఏమైనా తిన్నారా అండి అంది. లేదన్నాను. ఎప్పటినుంచి అని ఆ అమ్మాయి అడగలేదు, నేను చెప్పలేదు. ఉపవాసం గుట్టుగా చెయ్యాలి, మొహం కడుక్కుని తలకి నూనె రాసుకోవాలి అని కదా ఆజ్ఞ. అలాగే వెళ్ళాను. నూనె కొంచెం ఎక్కువైంది.

నువ్వన్నట్టే తిని, తాగి, మళ్ళీ చేయించాను. ఒక్క H లేదు. డాక్టరు కూడా చూసి, మూత్రపిండాలు, కాలేయం బాగున్నాయన్నాడు.

ఇక్కడే ఒకటి జరిగింది. ఆదివారం రెండు రిపోర్టులూ చేత్తో పట్టుకుని, ఇది అప్పటిది, ఇది ఇప్పటిది అన్నానో లేదో జనం లేచి చప్పట్లు కొట్టారు. నీళ్ళ సంగతి చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా చిట్టియ్య డోలక్ అందుకున్నాడు, పాట మొదలైపోయింది. స్తుతి పాట ఆపి మంచినీళ్ళ గురించి చెబితే ఏం బాగుంటుంది, నువ్వే చెప్పు. అయినా ఆ నీళ్ళు మాత్రం ఎవరిచ్చినవి?

పాట అయ్యాక చిట్టియ్య నిలబడ్డాడు. అతను ఏళ్ళ తరబడి షుగరు మాత్రలు మింగుతున్నాడు. అయ్యగారి మూత్రపిండాలు బాగుచేసినవాడు నా షుగరు బాగుచెయ్యలేడా, నాకు మొన్న పరీక్షలో నార్మలే వచ్చింది, ఇవాళ్టి నుంచి మాత్ర ముట్టను అన్నాడు. ఆ విశ్వాసం చూసి నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ప్రయాణం వాయిదా పడిన
నీ తమ్ముడు
ఆశీర్వాదం

తా.క.: పెద్దిరాజు మొహం చిన్నబుచ్చుకున్నాడు. పలకలు కోసేశాడట.

*

రాజమహేంద్రవరం

ఆశీర్వాదం గారికి,

అయ్యగారు అనిపించుకునేవాణ్ణి ఒరేయ్ అనకూడదు గనక గారు పెట్టాను.

నీ కాగితం జబ్బు లేకపోయినా ఎక్కువ చూపించింది. చిట్టియ్య కాగితం జబ్బు ఉన్నా నార్మల్ చూపించింది. రెంటినీ తలకిందులుగా చదివావు. మాత్ర వేసుకుంటున్నవాడికి షుగరు హద్దులో ఉంటే, జబ్బు పోయిందని కాదు, మాత్ర పనిచేస్తోందని. గొడుగు కింద నిలబడి, నేను తడవలేదు గనక వాన ఆగిపోయిందనేవాణ్ణి ఏమంటాం?

ఇలా మానేసినవాళ్ళకి నేను కట్లు కట్టాను. కాలి వేలుకి చిన్న పుండుతో మొదలవుతుంది. కొందరు తెలివి తప్పి వస్తారు. వాళ్ళ పక్కన నిలబడ్డ భార్యల మొహాలు నేను మరిచిపోలేదు.

చిట్టియ్యకి ఫోను చేశాను. మీరు కూడా నమ్మండి అమ్మగారూ అని పెట్టేశాడు. ఈ మోకాలు బస్సెక్కనిస్తే నీ పాట మధ్యలోనే వచ్చి కూర్చునేదాన్ని.

వాక్యం నాకూ తెలుసు. అపొస్తలుడి వెంట ఊళ్ళు తిరిగినవాడు వైద్యుడు. అతని సంచీ అవతల పారేయమని ఎవరూ అనలేదు. శిష్యుడికి కడుపులో బాగోకపోతే ఏం పుచ్చుకోవాలో ఆ అపొస్తలుడే ఉత్తరంలో రాశాడు. నేనూ ఉత్తరంలోనే రాస్తున్నాను. వెళ్ళి అతనిచేత మాత్ర మింగించు. నీ రక్తం ఎందుకు చిక్కబడిందో జనానికి చెప్పు.

రత్నమాణిక్యం

తా.క.: ఉపవాసం గుట్టుగా చెయ్యమన్నది జనం పొగడ్త కోసం చెయ్యొద్దని. రక్తం తీసే అమ్మాయి నిన్ను పొగడదు, గుచ్చుతుంది.

*

లాకులపేట

అక్కకు వందనాలు.

చాలాకాలం రాయలేదు. నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. నిజం గనకే వచ్చింది.

వెళ్ళి చిట్టియ్యకి చెప్పాను, మాత్ర వేసుకోమని. అయ్యగారు నా విశ్వాసాన్ని శోధిస్తున్నారు అని నవ్వాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ నవ్వాడు. అతని భార్య పాపాయి కూడా అక్కడే ఉంది, అతనికి మజ్జిగ తెచ్చిచ్చింది. నీళ్ళ సంగతి మాత్రం సంఘానికి ఇంకా చెప్పలేదు. ప్రతి ఆదివారం చెబుదామనే వెళతాను. ప్రతి ఆదివారం కొత్తవాళ్ళు వచ్చి ఉంటారు.

అతను మానేసి నాలుగు నెలలు దాటింది. ఒక్క మాత్ర ముట్టలేదని నా ముందు ఒట్టేశాడు. నీ భయమైనా తీరుతుందని ఈ వారం నేనే దగ్గరుండి పరీక్ష చేయించాను. పరగడుపు షుగరు హద్దులో ఉంది. మూడు నెలల సగటు చూపించే పరీక్ష కూడా చేయించాను. అదీ హద్దులోనే ఉంది. జిరాక్స్ పంపిస్తున్నాను, తిప్పి తిప్పి చూసుకో.

సంతోషంతో రాస్తున్నాననుకోకు. ఈ కాగితం ఊరంతా తిరిగింది. వచ్చే ఆదివారం అందరూ మాత్రలు తెచ్చి సభలో పెట్టి, అక్కణ్ణుంచి పాటలు పాడుకుంటూ వెళ్ళి కాలవలో పారేస్తామంటున్నారు. షుగరువాళ్ళున్నారు, బీపీవాళ్ళున్నారు. ఒక తల్లి తన కూతురి మూర్ఛ మాత్రలు తెస్తానంది. ఎనిమిదేళ్ళ పిల్ల అక్కా. ఇదివరకు బళ్ళో పడిపోతూ ఉండేది, ఆ మాత్రలతోనే నిలబడింది. ఆ తల్లి నా రెండు చేతులూ పట్టుకుని, మీరు ఊఁ అనండి చాలు అయ్యగారూ అంది. ఊఁ అనడానికి నోరు రాలేదు. వద్దనడానికీ రాలేదు.

చిట్టియ్య రిపోర్టు అబద్ధమా? అయితే చెప్పు, రేపే ఆపేస్తాను. నిజమైతే, వాళ్ళని ఆపి నేను ఎవరికి అడ్డం నిలబడినట్టు? నిద్రపట్టడం లేదు.

ఆశీర్వాదం

తా.క.: మాత్రలు వెయ్యడానికి పళ్ళెం చాలదని, నా పెట్టె కోసం కోసిన పలకలతో పెద్దిరాజు తొట్టె చేశాడు. బాగా కుదిరింది.

*

రాజమహేంద్రవరం

తమ్ముడూ,

ఆదివారం లోపల అందాలని ఇది బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిస్తున్నాను.

రిపోర్టు చూశాను. అబద్ధమనలేను. నాలుగు నెలలు మాత్ర లేకుండా ఆ సగటు ఎలా వచ్చిందో నాకు తెలియదు. తెలియదు గనక తెలియదనే రాస్తున్నాను. ఆ మాట నువ్వు కూడా నేర్చుకో.

కానీ ఒకరి కాగితం ఒకరిదే. చిట్టియ్య రక్తం చూసి ఆ పిల్ల మాత్ర ఆపకూడదు. మూర్ఛ మాత్ర ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఇది నాకు తెలుసు. కుష్ఠు పోయినవాళ్ళని కూడా, వెళ్ళి యాజకుడికి చూపించుకోండి అన్నారు ప్రభువు. తన పని పరీక్షకి నిలబడదేమోనని ఆయన భయపడలేదు. నువ్వెందుకు భయపడుతున్నావు?

చిట్టియ్య సంగతి నీకూ తెలియదు, నాకూ తెలియదు. నీ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసింది చెప్పు.

అక్క

తా.క.: ఫోన్లు బీరువాలోంచి తియ్యి. ఆ ప్రమాణం నువ్వు దేవుడికి చెయ్యలేదు, మైకుకి చేశావు.

*

లాకులపేట

అక్కా,

ఆదివారం గడిచింది. నీ ఉత్తరం శనివారమే అందింది.

మా ప్రార్థన షెడ్డు నిండిపోయి కాలవ గట్టు దాకా జనం. నేను వెళ్ళేసరికే తొట్టె సగం నిండింది. ఆ తల్లి ముందు వరసలో కూర్చుంది. పిల్ల ఒళ్ళో ఉంది, మాత్రల డబ్బా పిల్ల చేతిలో ఉంది.

పాట మొదలవకుండానే మైకు తీసుకుని చెప్పేశాను. నాకు జబ్బే రాలేదని, మూడు రోజులు నీళ్ళు మానేసి రక్తం ఇచ్చానని, నీళ్ళు తాగితే సర్దుకుందని, ఇన్నాళ్ళూ మీరు చప్పట్లు కొట్టింది మా ఇంటి బిందెకని. వెనకనుంచి ఎవరో, అయ్యగారు తన్ను తాను తగ్గించుకుంటున్నారు అన్నారు. అందరూ అవునవునన్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నా మీద గౌరవం పెరిగిపోయింది అక్కా.

చిట్టియ్య తన రిపోర్టు పైకెత్తి, "మరి ఇదేంటండి అయ్యగారూ?" అన్నాడు.

"నాకు తెలియదు," అన్నాను. మైకులో ఆ మాట అనడం నాకు కొత్త.

ఆ తల్లి పిల్లని దింపి లేచింది. నేను వెళ్ళి తొట్టెకి అడ్డంగా నిలబడ్డాను. ఈ పిల్ల మాత్రలు ఇందులో పడనివ్వను అన్నాను. గొణుగుడు మొదలైంది. అయ్యగారికి విశ్వాసం సన్నగిల్లిందని ఒకడు పైకే అన్నాడు. చిట్టియ్య వచ్చి ఎంతో ప్రేమగా నా జబ్బ పట్టుకుని పక్కకి జరిపేశాడు. డోలక్ వాయించే చేతులు, నేను ఆగలేకపోయాను. పిల్ల డబ్బా పట్టుకున్న చెయ్యి చాపింది.

అప్పుడు ఆడవాళ్ళ వైపు పాపాయి లేచి నిలబడింది.

"పాపా, ఆగమ్మా," అంది. తరవాత మొగుడి వైపు తిరిగింది. "మీరు మానేశారు గానీ, నేను మానలేదండి."

"ఏం మానలేదే?"

"మాత్ర. రెండు పూటలా నూరి మజ్జిగలో కలిపాను. మీరు విశ్వాసంతో తాగేశారు."

నాలుగు నెలలూ మందుల షాపుకి తనే వెళ్ళిందట. వాదిస్తే విశ్వాసం లేనిదాన్నంటారు, ఊరుకుంటే మొగుడు దక్కడు, అందుకని వాదించకుండా నూరానని చెప్పింది. చిట్టియ్య చేతిలో రిపోర్టు కిందికి దిగింది. ఒక్కటే అడిగాడు, మరి చేదు తెలియలేదేమని. మీరు ఉప్పు ఎక్కువైందని రోజూ తిడుతూనే ఉన్నారు కదండీ అంది. జనం నవ్వారు. ఆ నవ్వుల్లో ఆ తల్లి పిల్ల చేతిలోంచి డబ్బా తీసి కొంగులో దాచుకుంది. అది కళ్ళారా చూశాకే నేను కింద కూర్చున్నాను.

తరవాత తొట్టె దగ్గర తొక్కిసలాట, నావి ఇవి, కాదు నావి అని. ఎవరివో తేలనివి ఎవరికీ ఇవ్వలేదు. డాక్టరు చీటీ పట్టుకెళ్ళి కొత్తవి తెచ్చుకోమన్నాను.

చిట్టియ్యని దేవుడు చూడలేదని నేననను అక్కా. మాత్ర కనిపెట్టినవాడి బుద్ధిలోనూ ఆయనే ఉన్నాడు, పాపాయి రోటి దగ్గరా ఆయనే ఉన్నాడు. వచ్చే ఆదివారం ఇదే నా ప్రసంగం. గొంతు తగ్గించి మాత్రం చెప్పను.

నీ తమ్ముడు
ఆశీర్వాదం

తా.క.: నీకు ఒకటి చెప్పలేదు. మొదట్లోనే డాక్టరు నాకు బీపీకి ఒక మాత్ర రాశాడు. ఆ చీటీ ఎక్కడ పడేశానో కూడా గుర్తులేదు, మాత్ర కొన్నదీ లేదు. పోయిన వారం చూపించుకుంటే బీపీ చక్కగా ఉందన్నాడు. ప్రార్థన ఫలం అనుకున్నాను. సభ నుంచి ఇంటికొచ్చాక నీ మరదలు కాఫీ తెచ్చిచ్చింది. గ్లాసు పట్టుకుని ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ గోడమీద క్యాలెండరు కేసి చూస్తూ నిలబడింది. తాగేశాను.