పట్టుపురుగుల షెడ్డులో మొదటి అతిథులు

పెద్దపంజాణి మండలం,
ఆదివారం.

చి.ల.సౌ. స్వర్ణకు సుదర్శన్ వ్రాయునది.

ఇక్కడ నేను, అమ్మ, రెండు ఆవులు ఆరోగ్యంగా ఉన్నాము. బెంగళూరులో నీవూ అట్లే ఉన్నావని నమ్ముతున్నాను. ఫోనులో అయితే జగడమవుతుందని రాతపూర్వక నివేదిక కోరావు గనుక సమర్పిస్తున్నాను.

షెడ్డులో వాసన పోయిందా అన్నావు. మూడుసార్లు సున్నం కొట్టించాము, పోయినట్లే. స్నానాలగదికి వేడినీళ్ళు వస్తాయా అన్నావు. అమ్మ కట్టెలపొయ్యి మీద కాచినప్పుడు వస్తాయి. ఇక నీ షరతు. మొదటి అతిథులు మళ్ళీ వస్తామంటేనే నీవు ఆసుపత్రి కొలువు మాని వచ్చి, షెడ్డును అతిథుల గదులుగా మార్చిన ఈ విడిది నడిపిస్తావు. లేనిచో నేనే తాళం వేసి బెంగళూరు చేరవలెను. దీనికి కొంత వివరణ అవసరం.

శుక్రవారం మోసిన్ గారు, భార్య నాజ్నీన్ గారు, ఎనిమిదేళ్ళ పాప హీనాతో వచ్చారు. కుప్పంలో పుట్టి బెంగళూరులో స్థిరపడినవారు. అమ్మ వారిని గడపలోనే ఆపి, పురుగులకు తెగులు సోకకుండా ముప్పై ఏళ్ళుగా అందరి చేతా చేయించినట్లే, బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు ముంచమన్నది. అది స్థానిక స్వాగత విధానమని నేను ప్రకటించాను. వారు వినయంగా ముంచారు.

అంతటితో ఆగి ఉంటే నా పరువు దక్కేది. మధ్యాహ్నం నాజ్నీన్ గారు పాపకు దోమల మందు పూయబోగా అమ్మ సీసా లాక్కున్నది.

"ఆ వాసనకు నా పురుగులు సచ్చిపోతాయమ్మా."

"ఏం పురుగులు?"

"గోడకవతల ఉండాయి. ఇరవై తట్టలు."

ఇక్కడ నా నేరం ఒప్పుకోవలసి ఉన్నది. షెడ్డంతా ఖాళీ చేశానని పోయిన నెల నీకు రాసినది అబద్ధం. చివరి గదిలో ఒక పంట పురుగులు ఉంచాము. అమ్మ బతిమాలిందని రాయవచ్చును గాని, బతిమాలినది నేను. పురుగులు లేని ఆ గోడల మధ్య నిలబడలేకపోయాను, స్వర్ణా.

మోసిన్ గారు సంచులు సర్దసాగారు. ఆయనను ఆపగల నిబంధన ఏదీ నాకు తోచలేదు. ఇంతలో పాప గోడకు చెవి ఆనించి, "అమ్మీ, వాన పడతాండాదా?" అన్నది. బయట ఎండ మాడుస్తున్నది. అమ్మ చివరి గది తలుపు తీసింది. ఇరవై తట్టల్లో పురుగులు మల్బరీ ఆకు మేస్తున్నాయి. ముగ్గురూ ఆ వాన చప్పుడు వింటూ సాయంత్రం దాకా నేల మీదే కూర్చున్నారు.

ఈ ఉదయం వెళుతూ, పురుగులు గూళ్ళు కట్టేది చూడాలని పాప పట్టుబట్టింది. వచ్చే శనివారానికి మోసిన్ గారే రిజిస్టరులో పేర్లు రాశారు.

కనుక షరతు నెరవేరినది. అబద్ధం సాయంతో నెరవేరినందున దానిని రద్దుచేసే అధికారం నీకు కలదు. అందుకు స్వయంగా హాజరు కావలెను. శుక్రవారం పొద్దున నుంచి పుంగనూరు బస్టాండులో ఉంటాను. ఏ బస్సో తెలుపనవసరం లేదు. అన్నీ చూస్తాను.

ఇట్లు,
నేరం ఒప్పుకున్న నీ పెనిమిటి,
సుదర్శన్